ఖాళీ గదిలో బంతి

మా ఆయన అక్క, అంటే మా వదినతో నేను ఇరవై ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాను. మా ఆయనతోనూ చేస్తున్నాననుకోండి. కానీ ఆయన్ని భరించడం తేలిక, పెద్దగా కనబడరు. వదిన అలా కాదు. నా పోపులపెట్టె పక్కన గ్రాములు చూపించే తూకం ఒకటి తెచ్చి పెట్టింది. చారులో ఉప్పెంత వేశావంటుంది. చేతికొచ్చినంత అంటే ఒప్పుకోదు. ఒక నెలంతా నా చేతికొచ్చినంతని చారులో పడకముందే పట్టుకుని తూచి, సగటున పదకొండు గ్రాములనీ, ఆదివారాల్లో మాత్రం పద్నాలుగు దాటుతోందనీ తేల్చింది. ఆదివారం ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఆ రెంటికీ ఉన్న సంబంధం ఆవిడకి తట్టలేదు. నేనూ చెప్పలేదు.

ఆవిడ పనే గ్రాములతో. డాక్టర్ హైమవతి అంటే విశాఖపట్నంలో నెలలు నిండని పిల్లల్ని కన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఆవిడ వార్డులో పది గ్రాములు పెరిగితే తల్లులు మిఠాయి పంచుతారు, ఇరవై తగ్గితే తండ్రులు వెళ్ళి మెట్ల మీద కూర్చుంటారు. పెళ్ళెందుకు చేసుకోలేదంటే తీరిక లేక అంటుంది. తూకానికి సరిపడ్డవాడు దొరక్క అనేవారు మా అత్తగారు, పోయేదాకా.

పెళ్ళికి బదులు ఆవిడ ఒక యంత్రాన్ని తయారుచేసింది. పన్నెండేళ్ళు పట్టింది. పుట్టిన మూడు రోజులూ పసిగుడ్డు తలకి వెంట్రుక మందం తీగలు ఆరు అంటిస్తారు. గుండె, ఊపిరి, మెదడులో లేచే అలలు, ఏడవగలిగితే ఏడుపు, అన్నీ ఆ యంత్రం వింటుంది. అదే వార్డులో అంతకుముందు పుట్టిన పదకొండు వందల మంది మొదటి మూడు రోజులు ఎలా గడిపారో, ఐదో ఏటికి ఏమయ్యారో దానికి నేర్పారు. నాలుగో రోజు తల్లిదండ్రుల్ని వార్డు పక్కన చీకటి గదిలో కూర్చోబెడతారు. ఎదురుగా గోడ మీద ఒక గది, గది నేల మీద ఒక బంతి కనిపిస్తాయి. కాసేపటికి ఒక పక్క నుంచి నీడ ఒకటి వస్తుంది. ఐదేళ్ళ పిల్ల నీడ. మీ పిల్లే. వచ్చి బంతి తీసుకుంటుంది. ముఖం ఉండదు. ముఖం పెడితే జనం మేనమామ పోలికలు వెతుకుతూ కూర్చుంటారని వదిన వద్దంది.

కొన్ని నీడలు పరిగెత్తుకొస్తాయి. కొన్ని కాలీడుస్తాయి. కొన్ని కూర్చున్న చోటి నుంచి కదలకుండా బంతి వైపు చూస్తాయి. కొన్నిసార్లు ఎవరూ రారు. నాలుగు నిమిషాలు బంతి ఒక్కటే ఉంటుంది, తర్వాత దీపాలు వెలుగుతాయి.

ఎవరూ రాని గదిని చూసినవాళ్ళు ఆ సాయంత్రమే సంతకం పెట్టి పిల్లని ఇంటికి తీసుకెళ్ళిపోయేవారు. గొట్టాలు తీసేసి ఇంటికి తీసుకెళ్ళడమంటే ఏమిటో అందరికీ తెలుసు. వదిన ఎవరికీ అలా చెయ్యమని చెప్పలేదు. "నిర్ణయం మీదే" అనేది. ఆవిడది రాతిగుండె కూడా కాదు. నూరు రోజులు సూదులతో పొడిపించుకుని నూట ఒకటో రోజున పోయిన పిల్లల్ని ఆవిడ తన చేతులతో తల్లులకి అందించింది. అబద్ధపు ఆశ కన్నా నిజం దయగలదని నమ్మింది. నేనూ నమ్మాను. ఆ యంత్రం గురించి పేపర్లో పడ్డప్పుడు వీధంతా మిరపకాయ బజ్జీలు పంచింది నేనే.

మా వీధి చివర బట్టలు కుట్టే గౌరీశ్వరి కిందటేడు ఆ గదిలో కూర్చుంది. పిల్ల ఐదు వందల ఎనభై గ్రాములు. గదిలోకి ఎవరూ రాలేదు. అక్కడి నుంచి నేరుగా మా గుమ్మం ఎక్కింది.

"డాక్టరమ్మ నిర్ణయం మీదే అంటున్నారాంటీ. మా ఆయన నా మొహం చూస్తున్నాడు. మీరైతే ఏం చేస్తారు?"

నేను పచ్చిమిరపకాయలకి తొడిమలు తీస్తున్నాను. "మా వదిన యంత్రం తప్పు చెప్పదమ్మా," అన్నాను. "నేనైతే పసిదాన్ని ఇంకా బాధపెట్టకుండా ఇంటికి తెచ్చుకుంటాను," అని కూడా అన్నాను. అడిగినవాళ్ళకి సలహా ఇవ్వకుండా పంపడం మా పుట్టింట్లో మర్యాద కాదు.

పాప ఇంట్లో పదకొండు గంటలు బతికింది. గౌరి నా జాకెట్లు కుట్టడం మానలేదు. కొలతలకి మాత్రం నన్ను రావద్దంటుంది, పాత జాకెట్టు పంపమంటుంది.

*

మా అమ్మాయి సాహితికి నెలలు నిండాల్సింది శ్రావణంలో. వైశాఖంలోనే ఒక మధ్యాహ్నం మామిడిపండు తింటూ తింటూ చెయ్యి కడుక్కోకుండా లేచి నిలబడింది. సాయంత్రానికి పిల్ల పుట్టింది. ఇరవై ఐదు వారాలు. ఆరు వందల పన్నెండు గ్రాములు. వదినే తూచింది.

నేను దాన్ని గాజుపెట్టెలో చూశాను. చర్మం ఇంకా చర్మం కాలేదు, లోపలి నరాలన్నీ కనిపిస్తున్నాయి. మా ఆయన ఉంగరం దాని చేతికి తొడిగితే భుజం దాకా వెళుతుందని నర్సు చెప్పింది. కళ్ళు అప్పుడే విడుతున్నాయి. ఛాతీ మాత్రం ఎవరో తరుముతున్నట్టు ఎగసిపడుతోంది.

నాలుగో రోజు సాహితీ, మా అల్లుడు నిరంజనూ, నేనూ చీకటి గదిలో కూర్చున్నాం. వదిన తలుపు దగ్గర నిలబడింది. గోడ మీద గది వచ్చింది. బంతి వచ్చింది. సాహితి నా చెయ్యి పట్టుకుంది.

మొదటి నిమిషం నేను ఎడమ వైపు చూశాను. రెండో నిమిషం, అటు నుంచి వస్తుందేమో అని కుడి వైపు చూశాను. మూడో నిమిషంలో నిరంజన్ చిన్న గొంతుతో, "యంత్రం పనిచేస్తోందా అత్తయ్యా?" అన్నాడు.

"చేస్తోంది," అంది తలుపు దగ్గర నుంచి వదిన.

దీపాలు వెలిగాయి.

*

ఆ రోజు నుంచి సాహితి వార్డుకి వెళ్ళలేదు. పాలు తీసి పంపమని నర్సులు ఫోన్ చేస్తే, "రావట్లేదు," అనేది. నిజంగానే రావడం మానేశాయి. గదిని చూసిన తల్లులందరికీ ఇలాగే అవుతుందట. అంతకుముందు గంటలకొద్దీ గాజుపెట్టెలో చెయ్యి పెట్టి కూర్చున్నవాళ్ళు, ఆ తర్వాత చెయ్యి పెట్టరు. లేనిదాన్ని ముట్టుకోవడమెందుకని కాబోలు.

నిరంజన్ చొక్కా జేబులో, పిల్లని ఇంటికి తీసుకెళ్తామని సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది. సంతకం పెట్టలేదు, చింపెయ్యలేదు. అన్నం తినేటప్పుడు జేబు మీద చెయ్యి వేసుకుని తింటున్నాడు.

వదినని వంటింట్లో పట్టుకున్నాను. "అది నీ మేనకోడలి పిల్ల."

"అందుకే రెండుసార్లు వేసి చూశాను ఇందూ. రెండుసార్లూ అంతే."

"మూడోసారి వెయ్యి."

"బొమ్మా బొరుసా కాదు అది. ఏడు వందల గ్రాముల లోపు పిల్లలు మన వార్డు నుంచి ఇంటికెళ్ళినా నిలవరు. పన్నెండేళ్ళ రికార్డు చెబుతోంది. నాకు మాత్రం..." అని, వాక్యం పూర్తి చెయ్యకుండా మంచినీళ్ళు తాగింది. ఆవిడ వాక్యం మధ్యలో వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

సాహితి వెళ్ళట్లేదు కదా అని నేను వెళ్ళడం మొదలుపెట్టాను. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, గాజుపెట్టెకున్న గుండ్రటి కన్నంలోంచి ఒక వేలు లోపల పెడితే, అది పట్టుకునేది. పట్టు అంటే పట్టు కాదు, చీమ ఎక్కినట్టు ఉండేది. రెండు పూటలా అలా కూర్చుని దానికి మా ఆయన మీద చాడీలు చెప్పేదాన్ని. దానికి ఆయన తాతే కదా, తెలుసుకోవాలి.

ఏడో రోజు మధ్యాహ్నం పైడితల్లి నా పక్కన నేల తుడవడం ఆపింది. ఆ వార్డులో ఇరవై ఏళ్ళుగా ఆయా. చీపురుపల్లి దగ్గర పల్లె ఆమెది.

"అమా, ఒకటడుగుతాను, కోప్పడకండి."

"అడుగు."

"మీ మనవరాలిని నాకమ్మెయ్యండి."

"మావాళ్ళు ఊరికే వదిలేసేలా ఉన్నారు. నువ్వు కొంటానంటున్నావు, మంచి బేరమే. ఏమిస్తావు?"

"సేటెడు తవుడు."

అప్పుడు నాకర్థమైంది. కాలేజీలో నాకు స్టాటిస్టిక్స్ చెప్పిన లెక్చరరు పేరు తవిటినాయుడు. ఆయన ముందు పుట్టినవాళ్ళు నిలవలేదు. అందుకని ఆయన పుట్టగానే చేటలో పడుకోబెట్టి, తవుడు తీసుకుని పక్కింటావిడకి అమ్మేశారు. అమ్మేసిన బిడ్డ మనది కాదు, మనది కానిదాన్ని మృత్యువు మన గుమ్మంలో వెతకదు. ఆయనే ఈ కథ చెప్పి, "నా ఖరీదు చేటెడు తవుడర్రా, మర్యాద ఇవ్వకపోయినా పర్లేదు," అనేవారు.

"ఇదివరకు ఎవరినైనా కొన్నావా?" అన్నాను, నవ్వుతూనే.

పైడితల్లి బొడ్డులోంచి నల్లటి తాడొకటి తీసింది. నిండా ముడులు. "ముప్పై తొమ్మండుగుర్ని. పెద్ద గుంటల్ని కాదమ్మా. కిలో ఉన్న గుంటలు ఆల్ల బతుకు ఆల్లు బతుకుతారు. నాను కొనేది పిడికెడు గుంటల్నే. ఇంటికి పంపిన రోజున గేటు కాడ కొనీసి, మళ్ళీ ఆల్లమ్మకే పెంచమని ఇచ్చెత్తాను."

"వాళ్ళంతా ఏమయ్యారు?"

"అయిదేళ్ళు నిండినోల్ల గురించి సెప్తాను. నిండనోల్ల గురించి సెప్పకూడదు. కన్నతల్లయినా సెప్పకూడదు. ఎవరడిగినా మాకు గుంట నేదు అనాల. ఆడు వింటాడు."

"ఎవడు?"

తుడుపుకర్రతో పైకి చూపించింది.

"మరి ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేసి అడిగితే?"

"ఓలమ్మా, ఆసుపత్రోల్లకైతే అసలు సెప్పకూడదు. ఆడు తిరిగేదే ఇక్కడ కదా!"

గాజుపెట్టెలోంచి వేలు బయటికి తీశాను. వదిన వార్డు నుంచి ఇంటికెళ్ళిన ప్రతి పిల్లకీ రెండో ఏట ఫోన్ చేస్తారు. పిల్ల ఎలా ఉంది, నడుస్తోందా, మాట్లాడుతోందా అని అడుగుతారు. తల్లి లేదంటే, అయ్యో అని, ఆ పేరు పక్కన గీత కొట్టేస్తారు. గీత కొట్టిన ఇంటికి ఐదో ఏట మళ్ళీ చెయ్యరు. చచ్చిపోయిన పిల్ల గురించి తల్లిని రెండోసారి అడగడం క్రూరత్వమని ఆ నియమం పెట్టింది వదినే. యంత్రానికి నేర్పింది ఆ గీతల్నే.

"రెండేళ్ళయి ఒక్క ముడీ ఎయ్యనేదమ్మా," అంది పైడితల్లి తాడు లోపల దోపుకుంటూ. "ఆ బంతి గదొచ్చినాక పిడికెడు గుంటలు ఒక్కలూ గేటు దాకా రానేదు. మీ గుంట నాలుగో రోజు దాటి ఉండిపోనాది. అందుకే ముందే అడిగీసినాను."

*

మర్నాడు పొద్దున్నే పైడితల్లితో ఆటో ఎక్కాను. ఇంట్లో గుడికని చెప్పాను. నేను గుడికెళ్ళి ఎనిమిదేళ్ళయింది గనక మా ఆయన పేపరు దించి చూశారు, అంతే.

మొదటి ఊళ్ళో తవిటమ్మకి తొమ్మిదేళ్ళు. సోడాబుడ్డి కళ్ళద్దాలు. మేం వెళ్ళేసరికి పక్కింటి గోడెక్కి, దిగమన్న మేనమామనే పైకెక్కమంటోంది. పుట్టినప్పుడు ఆరు వందల నలభై గ్రాములు. రెండో ఊళ్ళో పెంటయ్యకి ఎనిమిది. కాళ్ళకి ఇనప పట్టీలు, చేతిలో ఊతకర్ర. నోటికి మాత్రం ఏ ఊతమూ అక్కర్లేదు. తవిటమ్మని తీసినట్టే నేను వీడియో తీస్తుంటే, నా ఫోన్లో ఎన్ని ఆటలున్నాయో అడిగి, ఒక్కటీ లేదంటే, "మరి ఫోనెందుకు నీకు?" అన్నాడు.

మూడో ఇంట్లో ఏడేళ్ళ పిల్ల తల్లి ఒళ్ళో ఉంది. మాట లేదు, మెడ నిలవదు. తల్లి చిక్కు తీసి జడ వేస్తోంది, పాయకో పువ్వు పెడుతోంది. నేను ఫోన్ సంచిలో పెట్టేశాను.

"ఆ ఇద్దర్నీ తీసినారంట," అంది ఆ తల్లి. "మా గుంటనీ తియ్యండి. ఇది మాత్రం గుంట కాదేటి?"

తీశాను.

తిరిగి వార్డుకొచ్చేసరికి ఒంటిగంట. వార్డు ముందు నిరంజన్ నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితం, పెన్ను. పాపకి పొద్దున్నుంచి ఒంట్లో ఇన్ఫెక్షన్, ఊపిరి ఆగి ఆగి వస్తోందట. మళ్ళీ గొంతులో గొట్టం వెయ్యాలి, లేదా వదిలెయ్యాలి. డ్యూటీ డాక్టరు గంట టైమిచ్చాడట. సాహితి గోడకానుకుని కింద కూర్చుని ఉంది.

"ఎటు వెళ్ళారత్తయ్యా?" అన్నాడు నిరంజన్. "ఖాళీ గది చూశాక కూడా దాన్ని పొడిపించడం నా వల్ల కావట్లేదు."

"పెన్ను మూత పెట్టు," అని వదిన గదిలోకి వెళ్ళాను.

వదిన మూడు వీడియోలూ చూసింది. మూడోది రెండుసార్లు చూసింది. ఫోన్ తిరిగిచ్చి, "ఇవి ముచ్చట్లు ఇందూ. సమాచారం కాదు," అంది.

"సరే. ఏడు వందల గ్రాముల లోపు పుట్టి, ఈ వార్డు నుంచి బతికి బయటికెళ్ళినవాళ్ళు ఎందరు?"

"యాభై రెండు."

"అందులో రెండో ఏట ఫోన్లో లేదన్నవాళ్ళు?"

"నలభై నాలుగు."

"ఆ నలభై నాలుగు మందిలో ఎందరి మరణ ధ్రువపత్రం చూశావు?"

వదిన నావైపు, ఆవకాయ జాడీ నోరు విప్పి ప్రశ్న అడిగినట్టు చూసింది. "తల్లి చెప్పింది కదా! కన్నబిడ్డ లేదని తల్లి అబద్ధం చెబుతుందా?"

"బిడ్డ బతకాలంటే చెబుతుంది వదినా."

తలుపు దగ్గర పైడితల్లి తాడు పట్టుకుని నిలబడి ఉంది. వదిన ఆ ముడుల్ని చాలాసేపు చూసింది. ఇరవై ఏళ్ళుగా తన కాళ్ళ చుట్టూ తుడుస్తున్న మనిషి నడుములో, తను పన్నెండేళ్ళు వెతికిన రికార్డు ఉంది. లేచింది. బయటికెళ్ళి నిరంజన్ చేతిలో కాగితం తీసుకుని తన కోటు జేబులో పెట్టుకుంది.

"గొట్టం సిద్ధం చెయ్యమని చెప్పండి," అంది డ్యూటీ డాక్టరుతో. "నేనే వేస్తాను, పదండి."

"మరి గది?" అంది కింద నుంచి సాహితి. "గదిలోకి ఎవరూ రాలేదు కదత్తా?"

వదిన వెనక్కి తిరగలేదు. "లెక్కలో లోపం దొర్లి ఉండొచ్చు," అంది.

లోపాలు మా వదినకి దొర్లుతాయి. అటక మీది గుమ్మడికాయల్లా వాటంతటవే. ఆవిడ చెయ్యి తగలదు.

*

తర్వాత పది రోజులు వదిన, పైడితల్లి ఆసుపత్రి బండిలో ఊళ్ళు పట్టి తిరిగారు. ముందు సీట్లో కూర్చోవడానికి పైడితల్లి ఒప్పుకోకపోతే, వదిన కూడా వెనక్కెళ్ళి కూర్చుందట. ముప్పై తొమ్మిది ముడుల్లో ఆరుగురు నిజంగానే పోయారు. ముప్పై మూడు మంది ఉన్నారు. ఇరవై ఒక్కరు పరిగెడతారు. మిగతావాళ్ళలో కొందరికి చూపు, కొందరికి మాట, కొందరికి కాళ్ళు అంతంతమాత్రం. ఇద్దరికి ఏదీ లేదు, తల్లులు తప్ప.

ఇవన్నీ యంత్రానికి మళ్ళీ నేర్పారు. మా పిల్ల మొదటి మూడు రోజులూ దానికి మళ్ళీ వినిపించారు. ఈసారి సాహితి గదిలోకి రానంది. నేనూ వదినే కూర్చున్నాం. బంతి వచ్చింది. ఒక నీడ పరిగెత్తుకొచ్చింది. దాని మీదే ఇంకొకటి కాలీడుస్తూ వచ్చింది. ఇంకొకటి కూర్చునే ఉంది. మధ్య మధ్య మూడూ మాయమై గది ఖాళీ అవుతోంది, మళ్ళీ వస్తున్నాయి. ఏది మా పిల్లో యంత్రానికే తెలియట్లేదు.

"ఇంత చిన్నపిల్లల గురించి ఇది చెప్పగలిగింది ఇంతే," అంది వదిన. లేచి మీట నొక్కింది. ఆ మర్నాటి నుంచి ఆ గదిలో దుప్పట్లు పెట్టుకుంటున్నారు.

ఆసుపత్రి కమిటీకి ఆవిడ రాసిన నివేదిక నేను చదివాను. నలభై పేజీలు. అందులో లోపం పద్దెనిమిది చోట్ల దొర్లింది. మంచి పని కూడా ఒకటి చేసింది. వార్డు ఫారంలో తల్లి పేరు, తండ్రి పేరు కింద 'కొన్నవారి పేరు' అని కొత్త గడి చేర్చింది. ఫోన్లు మానేసి, ఇళ్ళకి వెళ్ళి చూసే పని పైడితల్లికి అప్పగించింది. మా పిల్లని కొనడానికి తెచ్చిన తవుడు మాత్రం వార్డులోకి రానివ్వలేదు. క్రిములట. సంచిలో కట్టి, సీలు వేసి, గాజు తలుపు అవతల నుంచి చూపించి కొనాల్సి వచ్చింది. పైడితల్లికి ఆ బేరం ఇప్పటికీ నచ్చలేదు.

సాహితి మళ్ళీ వార్డుకి రావడం నేను చెప్పినందుకు కాదు, మూడు నీడల వల్లా కాదు. గొట్టం వేసిన రోజున, వదిన చేతులు ఖాళీ లేక, పిల్ల కాలు కదలకుండా పట్టుకొమ్మని సాహితికి చెప్పింది. పట్టుకుంది. ఆ తర్వాత వదల్లేదు. రోజూ గుండె మీద పిల్లని వేసుకుని గంటలకొద్దీ కూర్చుంటుంది, నిరంజన్ కూడా వంతుకొస్తాడు. పాలు కొంచెం కొంచెంగా తిరిగొచ్చాయి.

ఇప్పటికి డెబ్బై రోజులు. పదకొండు వందల నలభై గ్రాములు. తల స్కాన్లో ఎడమ పక్క చిన్న మచ్చ ఉంది. నడుస్తుందా అని నిరంజన్ అడిగితే వదిన, "తెలీదు," అంది. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి. ఉచ్చారణ కొంచెం కష్టమైంది ఆవిడకి.

*

మొన్న శనివారం వదిన వంటింటి బల్ల దగ్గర ఒక కాగితం పెట్టుకుని కూర్చుంది. ఎవరూ రాని గది చూసి, పిల్లని ఇంటికి తీసుకెళ్ళిపోయిన వాళ్ళ పేర్లు. ఇరవై మూడు.

"అందరి దగ్గరికీ వెళ్ళాలి," అంది. "నువ్వు తోడు రా."

"దూరపు ఊళ్ళ నుంచి మొదలుపెడదాం వదినా," అన్నాను.

"దగ్గర నుంచి," అంది.

గౌరి మిషను మీద ఎవరిదో జాకెట్టుకి చంక కలుపుతోంది. మమ్మల్ని చూసి కాలు ఆపింది, కుర్చీలు చూపించింది. వదిన కూర్చుని, నివేదికలో రాసినట్టే చెప్పడం మొదలుపెట్టింది. రెండో ఏట ఫోన్లు, తప్పుగా కొట్టిన గీతలు, సమాచార సేకరణలో దొర్లిన లోపం. గౌరి గుడ్డ మీద పిన్నులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేస్తూ వింది.

"అంటే మా పాప బతికేదా డాక్టరమ్మా?"

"అది చెప్పలేం. బతికి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అవకాశం మాత్రం..." వదిన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అవకాశం ఉండేది."

గౌరి డబ్బా మూత పెట్టింది.

"మీ మనవరాలికి కూడా ఎవరూ రాలేదంట కదా, ఆ గదిలో?"

"రాలేదు."

"మరి ఇంటికి తెచ్చుకోలేదే?"

గౌరి వదిన జవాబు కోసం ఆగలేదు. ఏడాది తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"మీరు చెప్పండాంటీ."

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక మాట సిద్ధంగా ఉంటుంది. అప్పుడూ రెండు మూడు ఉన్నాయి. యంత్రం నాది కాదు. సలహా అడిగితే చెప్పాను. నీ మంచికే చెప్పాను. మూడూ నాలుక చివరికొచ్చాయి. పక్కన వదిన తలవంచుకుని ఉంది. ఇన్నాళ్ళూ ఆవిడ గుమ్మడికాయల్ని చూసి నవ్వుకున్నాను.

"అది మా పిల్ల కాబట్టి," అన్నాను. "మా పిల్ల కాబట్టి ఆటో ఎక్కి ఊళ్ళు తిరిగి వెతికాను గౌరీ. నీ పిల్లప్పుడు మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నాను. ఏమీ తెలీకుండానే, తెలిసినదానిలా నీకు చెప్పాను. తప్పు చేశాను."